రెండు కర్పూర బిళ్ళలు

పోయిన నెలలో మా చిన్నాయన కొడుకు ప్రభాకర్ తన కూతుర్ని వెంటబెట్టుకుని చిత్తూరు నుంచి మా ఇంటికి వచ్చాడు. తిరుపతిలో నేనుండేది ఒంటరిగా, రెండు గదుల ఇంట్లో. పెళ్లి పత్రికలు ఇవ్వడానికి తప్ప ఆ వైపు బంధువులెవరూ నా గడప తొక్కరు కాబట్టి, ఏదో పని ఉండే వచ్చుంటాడనుకున్నాను. పిల్ల పేరు లాస్య. పద్నాలుగేళ్లు. ప్రభాకర్‌కీ భార్యకీ విడాకులు అయిపోయాయి. ఆమె సూళ్లూరుపేటలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే ఉంటోంది. పిల్ల ఎవరి దగ్గర పెరగాలన్నది మాత్రం ఇంకా కోర్టులో తేలలేదు. వచ్చే వాయిదాకి జడ్జిగారు పిల్లనే లోపలికి పిలిచి, నీకెవరి దగ్గర ఉండాలని ఉందని అడుగుతారట.

నేను పాల గ్లాసు అందిస్తే లాస్య ఎడమ చెయ్యి చాపింది. "కుడి చేత్తో తీసుకోమ్మా. పెద్దోళ్లకి ఎడం చెయ్యి చాపేదేంది?" అన్నాడు తండ్రి. పిల్ల కుడి చేతి వేళ్ల కొసలతో గ్లాసు అంచు పట్టుకుని, అరచెయ్యి తగలకుండా జాగ్రత్తగా తీసుకుంది. అప్పుడు ఆ చెయ్యి ఒక్క క్షణం తెరుచుకుంది. అరచేతి మధ్యలో శనగగింజంత కాలిన మచ్చ, చుట్టూ ఎరుపు. అలాంటి మచ్చ చూసి నాకు నలభై ఏళ్లు దాటింది. అప్పుడు చూసింది నా చేతిలోనే.

"కాణిపాకం ఎప్పుడు పోయినార్రా?" అని అడిగాను.

వాడు ఉలిక్కిపడ్డాడు. "పోయిన సోమవారం. నీకెవురు చెప్పినారక్కా?"

"ఎవురూ చెప్పలే. ప్రమాణం చేయించినావా?"

"అంతా ఆ స్వామి మీద పెట్టేసినామక్కా. నాయన దగ్గరే ఉంటానని చెప్పింది, కర్పూరం ఆర్పింది. మనింట్లో పద్ధతే కదా ఇది. అవ్వ నీ చేత గూడా చేయించిందంట కదా!" అని నవ్వి, "నువ్వు తప్పినావనుకో" అని చేర్చాడు. "టీచరుగా చేసినదానివి. నీ మాటంటే వింటాది. కొంచెం మంచి మాటలు చెప్పు."

నువ్వు తప్పినావనుకో. ఆ మాట అన్నప్పుడు వాడు నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నేను పెట్టిన కాఫీ తాగుతున్నాడు. నాకు మరుపు లేదు. గొప్పకు చెప్పడం లేదు, అదొక జబ్బు. మా మేనత్త కూతురి పెళ్లిలో నన్ను మొదటి బంతిలోంచి లేపి మూడో బంతికి పంపిన మనిషి చనిపోయి చాలా కాలమైంది. అయినా ఆ ఇంట్లో నేను ఇవాళ్టికీ మంచినీళ్లు ముట్టను. కాబట్టి ఈ రాసేదాంట్లో ఎవరి పక్షమూ లేదని చెప్పను. ఉంది. పద్నాలుగేళ్ల నా పక్షం. ఆ పిల్ల తరఫున అప్పుడు మాట్లాడినవాళ్లు లేరు.

చిత్తూరులో మాది బెల్లం మండీ. వీధి వైపు మండీ, వెనక ఇల్లు, మధ్యలో ఒక చెక్క తలుపు. ఆ తలుపు ఉన్నా లేనట్టే. బెల్లం వాసన ఇంట్లో వంటగది దాకా, పడక దాకా, నా పుస్తకాల సంచి దాకా వచ్చేది. కొత్త బెల్లం వచ్చే రోజుల్లో ఆ వాసన తియ్యగా మొదలై, మధ్యాహ్నానికి గోనెసంచుల ముక్క వాసనతో కలిసి, సాయంత్రానికి వెగటుగా మారేది. నేల ఎంత కడిగినా అరికాళ్లు అంటుకునేవి. నడిస్తే చిటుక్ చిటుక్‌మని చప్పుడు. ఆ చప్పుడుని బట్టి ఎవరు వస్తున్నారో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. నాయన అడుగులు నెమ్మదిగా, ఎత్తి ఎత్తి వేసినట్టు ఉండేవి. అవ్వ, అంటే నాయన తల్లి, ఆమెవి త్వరత్వరగా. అమ్మ అడుగులు వినపడేవి కావు. పద్నాలుగేళ్ల కాపురంలో చప్పుడు కాకుండా నడవడం ఎలాగో నేర్చుకుంది.

ఆ ఇంట్లో ఏది జరగాలన్నా అవ్వ నోట్లోంచి రావాలి. పొద్దున్నే స్నానం చేసి, నడింట్లో పీట వేసుకుని, ఒళ్లో వక్కల పళ్లెం, చేతిలో అడకత్తెర పెట్టుకుని కూర్చునేది. ఎవరితోనైనా ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు అడకత్తెరతో వాళ్ల వైపు చూపేది. ఆమెకున్న ఇంకో అలవాటు చీమల్ని చూడడం. బెల్లం మండీ ఇంట్లో చీమలకేం కొదవ? కానీ అవ్వకి ప్రతి బారూ ఒక కబురే. ఈశాన్యం వైపు నుంచి నల్లచీమలు వస్తే లక్ష్మి వస్తోందని. దక్షిణం గడప కింద నుంచి ఎర్రచీమలు గుడ్లు మోసుకుంటూ బయలుదేరితే, ఇంట్లో ఎవరికో మూడిందని. అలాంటి పొద్దున ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి ముందర పెట్టుకుని కూడా, మా అందరి చూపులూ ఆ గడప మీదే. నాకు చిన్నప్పుడు అన్నం మీద ఇష్టం లేకపోవడానికి కారణం కడుపులో నులిపురుగులని డాక్టరు చెప్పాడు. కారణం అది కాదు.

అమ్మ ఆ ఇల్లు వదిలింది ఒక శనివారం. దానికి ముందు రోజు, నగరిలో ఉన్న అమ్మ వాళ్ల నాయనకి ప్రాణం మీదికి వచ్చిందని మనిషి వచ్చి చెప్పాడు. అమ్మ చీర మార్చుకుని వచ్చింది. అవ్వ వక్క కత్తిరిస్తూ, "శుక్రవారం. మండీలోకి సరుకు దిగే దినం. ఇంటి ఆడది గడప దాటితే లక్ష్మి దాటినట్టే. రేపు పో" అంది. అమ్మ నాయన వైపు చూసింది. నాయన తలుపు దగ్గర నిలబడి, తువాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత మండీలోకి వెళ్లిపోయాడు. నా జన్మలో నాయన చెడ్డమాట ఒక్కటి అనగా నేను వినలేదు. మంచిమాట అవసరమైనప్పుడు కూడా వినలేదు. శనివారం పొద్దున అమ్మ నగరి చేరేసరికి తాతని కాటికి తీసుకుపోయారు. అమ్మ మళ్లీ చిత్తూరు రాలేదు. పెళ్లికి ముందు టైపు పరీక్షలు పాసై ఉంది కనుక, తిరుపతిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పనికి చేరి, దాని పైనే ఒక గది తీసుకుంది. విడాకుల కాగితాలు తనే టైపు చేసుకుందట, నాలుగు కాపీలు, ఒక్క తప్పు లేకుండా. నన్ను స్కూలు నుంచి తీసుకుపోదామని ఒకసారి వస్తే, మండీ మనుషులు గేటు దగ్గర నిలబడ్డారు. అమ్మ గేటు బయట, నేను లోపల. "భయపడద్దు, నీ సంగతి కోర్టు చూస్తాది" అంది.

కోర్టు రెండేళ్లు చూసింది. విడాకులు వచ్చేశాయి. తేలాల్సింది ఇక నేను. ఒక సాయంత్రం నాయన లాయరు మండీలో కూర్చుని, "పిల్లకి పద్నాలుగేళ్లు నిండినాయి కదప్పా. ఇంక మన వాదనలు కాదు, పిల్ల మాటే ఎక్కువ బరువు తూగుతాది. జడ్జిగారు లోపలికి పిలిపించుకుని ఆమెనే అడుగుతారు" అన్నాడు. చెక్క తలుపు ఇవతల నేను విన్నాను. దాన్ని ఇప్పుడు హక్కు అంటున్నారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. "పాపని అడుగుతారంట" అనుకున్నారు, ఊరి మీదికి ఏరు వస్తోందంట అన్నట్టు.

మర్నాటి నుంచి ఇల్లు మారింది. మీగడ ఎప్పుడూ నాయన గిన్నెలోకే పోయేది, అది నా గిన్నెలోకి వచ్చింది. నా జడ అవ్వే అల్లడం మొదలుపెట్టింది. అంత గట్టిగా లాగి అల్లేది, కళ్లు పైకి పోయేవి. నేను గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి, నేను బయటికి పోతే మళ్లీ మొదలయ్యేవి. మండీలో మూటలు మోసేవాళ్లు కూడా నాకు దారి వదిలేవారు. స్కూలుకి నాతో పాటు ఒక మనిషి, ఇంటికి ఒక మనిషి. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. పండక్కి మేకపోతుకి పసుపు రాసి, ఆకులు తినిపించడం నేను చూశాను. నా గిన్నెలో మీగడ చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. అంతమందిలో ఒక్కరు, ఒక్కసారి, "నీకేం కావాల పాపా?" అని అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలుసు. అమ్మ దగ్గరికి పోతాననేదాన్ని. తెలుసు కాబట్టే అడగలేదు.

వాయిదాకి ఇరవై రోజుల ముందు, అవ్వ నన్ను తెల్లారకముందే లేపి, తలంటి పోసి, కొత్త పావడా కట్టించింది. "యాడికవ్వా?" అంటే, "దేవుడి తావకి" అంది. నాయన కూడా వచ్చాడు. చిత్తూరు నుంచి కాణిపాకం బస్సులో అరగంట. ఆ దేవుడి ముందర అబద్ధపు ప్రమాణం చేసినవాళ్లు బతికి బట్టకట్టరని మా వైపు అందరికీ నమ్మకం. పొలం గట్టు తగాదాలు, దొంగతనాలు, ఆలుమగల అనుమానాలు, పోలీసు స్టేషన్‌లో తేలనివన్నీ అక్కడ తేలతాయి. పెద్ద పెద్ద మగవాళ్లు మెట్ల దాకా వచ్చి, వణికి, తప్పొప్పుకుని వెనక్కి తిరిగిపోవడం నేనే చూశాను. అవ్వ అక్కడ మళ్లీ నా నెత్తిన చెంబుడు నీళ్లు పోసింది. తడిబట్టలతో నిలబెట్టి, రాతి మెట్టు మీద తమలపాకు పరిచి, దాని మీద కర్పూరం వెలిగించింది.

"చెప్పు. నాయన్ని విడిచి పోను. జడ్జి అడిగితే ఆ మాటే చెప్తాను. తప్పితే మూన్నెల్లలో స్వామి నన్ను తీసుకుపోనీ. చెప్పి, అరచేత్తో ఆర్పు."

నేను నాయన వైపు చూశాను. ఒక శుక్రవారం అమ్మ చూసినట్టే. నాయన తువాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

చెప్పాను. చెయ్యి మంట మీదికి తీసుకుపోయి, ఆపేశాను. మళ్లీ దించాను. కర్పూరం అరచేతికి అంటుకుని ఇంకా మండుతూనే ఉంది. నేను అరిచాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఊదలేదు, నీళ్లు పోయలేదు. చూసింది. "నిజం చెప్పే చేతికి కాలదు" అంది నాయనతో. "సూసినావా? దీని మనసులో ఇంకోటి ఉండాది." బస్సులో తిరిగి వచ్చేటప్పుడు నేను కిటికీ కడ్డీకి అరచెయ్యి ఆనించి కూర్చున్నాను, ఇనుము చల్లగా ఉంటుందని. నా పక్కన కూర్చున్నది నాయన. చిత్తూరు దాకా రోడ్డునే చూశాడు.

నెలకొకసారి నన్ను ఒక రోజు అమ్మతో పంపాలని కోర్టు చెప్పింది. ఆ రోజు ఇంకో పదిరోజులకి వచ్చింది. పాత బస్టాండులో అమ్మ నా కోసం నిలబడి ఉంది. సన్నబడింది. వేళ్ల కొసలకి టైపు రిబ్బన్ నలుపు. ఆ నలుపు చూస్తే నాకు ఏడుపొచ్చింది. తిరుపతికి పోతాం, ఆ మెషిన్ల మీద నా పేరు కొట్టి చూపిస్తుంది, మధ్యాహ్నం ఇద్దరమే తింటాం, అప్పుడు అడుగుతుంది, అప్పుడు చెప్తాను అనుకుంటూ బస్సెక్కాను. కొంత దూరం పోయాక బస్సు రోడ్డు వదిలి పక్కకి తిరిగింది. ఆ మలుపు నాకు తెలుసు. పది రోజుల కిందే తిరిగాను.

"అమ్మా, ఇది తిరుపతి బస్సు కాదా?"

"ముందు ఒక పని ఉండాది. మీ అవ్వ ఎట్లాంటిదో నాకు తెలుసు. నీ నోరు కట్టేస్తాది. అది కట్టకముందే మనం స్వామి కాడ చెప్పుకోని వచ్చేస్తాం. అప్పుడు దాని ఆటలు సాగవు."

నా కుడి చెయ్యి పావడా మడతలో ఉంది. తెరిచి చూపించి ఉంటే అయిపోయేది. ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను, ఎందుకు చూపించలేదని. బస్టాండులో నన్ను చూడగానే ఆమె నా జడ చూసింది, నా పావడా చూసింది, ఎవరు కొనిచ్చారని అడిగింది. చెయ్యి ఎందుకు దాచుకున్నావని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

గుడి ముందర కర్పూరం అమ్మే ముసలామె నన్ను చూడగానే గుర్తుపట్టింది. అమ్మ నాలుగడుగుల అవతల కుళాయి దగ్గర చెంబు కడుగుతోంది. "ఏమ్మే, మళ్లా వచ్చినావా? మొన్న చెయ్యి కాల్చుకున్న పిల్లవి కదా నువ్వు!" అంది ముసలామె. నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను. ఆమె అమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ మెట్ల ముందర ఎన్నేళ్లుగా కూర్చుందో, అంతా అర్థమైపోయింది. "ఆ పక్కోళ్లు అయిపోయి ఇప్పుడు ఈ పక్కోళ్లా? ఓయమ్మా" అని గొంతు తగ్గించింది. "ఇదో, ఇటు సూడు పాపా. చెయ్యి తడిగా పెట్టుకో. ఆలోచించుకుంటా దించితే కాలతాది. దోమని కొట్టినట్టు ఒక్క దెబ్బ కొట్టి తీసెయ్. దేవుడికి తొందరేం లేదు, నిప్పుకే తొందర."

ఆ ఏడాది మొత్తంలో నా మేలు కోరి మాట్లాడిన పెద్దమనిషి ఆమె ఒక్కతే. పేరు కూడా తెలియదు.

అమ్మ చెప్పమన్నట్టే చెప్పాను. అమ్మ దగ్గరే ఉంటాను, తప్పితే మూన్నెల్లలో స్వామి తీసుకుపోనీ. మాట మాటకీ అవ్వ చెప్పించినట్టే ఉంది, మనిషి పేరొక్కటే తేడా. కర్పూరం ఒక్క దెబ్బకి ఆరిపోయింది. చెయ్యి కాలలేదు. అమ్మ నా వేళ్లు కళ్లకద్దుకుని, "సూడు, నిజం కాబట్టే కాలలే" అని ఏడ్చింది. పాత మచ్చని కొత్త మసి కప్పేసింది.

ఇక మిగిలిన పది రోజులు నేను చిత్తూరులో చనిపోబోయే మనిషిలాగే తిరిగాను. నాయన అన్నా చావే, అమ్మ అన్నా చావే. స్కూల్లో కిటికీ పక్క కూర్చుని, నా తర్వాత ఆ చోటు ఎవరికిస్తారో అనుకునేదాన్ని. దక్షిణం గడప కింద ఎర్రచీమలు బయలుదేరిన పొద్దున అవ్వ వాటిని చూసి, తర్వాత నన్ను చూసింది. అడకత్తెర టక్కుమంది.

జడ్జిగారి గది చిన్నది. ఫ్యాను కీచుమంటోంది. బల్ల మీద ఒక పళ్లెంలో బిస్కెట్లు, నా కోసమే తెప్పించినట్టున్నారు. "భయపడకమ్మా. ఇక్కడ మీ నాయన లేడు, మీ అమ్మ లేదు. నీకెవరి దగ్గర ఉండాలని ఉంది?" అన్నారు. అదే ప్రశ్న. దాని కోసం నేను రెండేళ్లు కాచుకున్నాను. అడిగింది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి.

"సార్, నేను చెప్పేది వాళ్లిద్దరికీ తెలియకుండా రాయచ్చా?"

"తీర్పులో రాయకుండా ఎట్లమ్మా? తెలుస్తుంది కదా."

అప్పుడు నాకు ఒక్కసారిగా ఒళ్లు తేలికైంది. రెండు కర్పూరాలూ ఆర్పేశాను, ఎటు పోయినా దెబ్బ తప్పదు. తప్పనప్పుడు భయం దేనికి? నాకు ఇష్టమైనది చెప్పేయచ్చు. నెల రోజుల్లో నాకు నేనుగా నోరు తెరిచింది అప్పుడే. "అమ్మ దగ్గర" అన్నాను.

"ఎందుకో చెప్తావా?"

"ఆడ ఎవురూ చీమల్ని సూడరు సార్."

ఆయనకి అర్థం కాలేదు. కాసేపు నా మొహం చూసి, ఏదో రాసుకున్నారు. బిస్కెట్టు తీసుకోమన్నారు. తీసుకున్నాను.

బయట వరండాలో అమ్మకి లాయరు చెప్పగానే, ఆమె నా దగ్గరికి రాలేదు. ముందు తూర్పు వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "స్వామీ, నీ ముందర చేయించిన ప్రమాణం ఊరికే పోలేదు తండ్రీ" అంది. ఆ తర్వాత నన్ను కౌగిలించుకుంది. నేను కట్టెలాగా నిలబడ్డాను. నేనిచ్చింది దేవుడి లెక్కలోకి పోయింది. వరండా అవతలి కొసలో అవ్వ గోడకి ఆనుకుని నిలబడింది. కుడి చెయ్యి ఎత్తి, మూడు వేళ్లు చూపించింది.

తిరుపతిలో ఆ మూడు నెలలూ ఎలా గడిచాయో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. నేను కోరుకున్న చోటే ఉన్నాను. కింద టైపు మెషిన్ల చప్పుడు వాన పడ్డట్టు. రిబ్బన్ల నూనె వాసన. పొద్దున ఆరింటికే బ్యాచీ మొదలు, అమ్మ కిందికి పోయేది, నేను పైన అన్నం వండేదాన్ని. ఎవరూ మాటలు ఆపేయని ఇల్లు. కానీ కిరసనాయిలు స్టవ్వు వెలిగించే ముందు నేను తలుపు తెరిచి పెట్టుకునేదాన్ని, పారిపోడానికి. మెట్లు గోడ పట్టుకుని దిగేదాన్ని. బస్సులు పోయే రోడ్డు దాటడానికి భయపడి, ముసలివాళ్లెవరైనా దాటేదాకా నిలబడి, వాళ్ల పక్కన నడిచేదాన్ని. పాడైన ఒక టైపు కాగితం మీద రోజుకొక గుణకారం గుర్తు కొట్టేదాన్ని. రెండో నెలలో జ్వరం వచ్చింది. అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, "వాతావరణం మారింది కదా" అంది. నేను గోడ వైపు తిరిగి పడుకుని, ఇంతేనా అనుకున్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. ఆమె సంతోషంగా ఉంది. మొదటి ప్రమాణం సంగతి చెబితే ఆమెకి కూడా నా లాగే రోజులు లెక్కపెట్టడం మొదలవుతుంది. నేను చెప్పకపోవడానికి అదొక కారణం. రెండోది, వరండాలో పెట్టిన దండం.

తొంభయ్యో గుర్తు కొట్టిన రోజు సాయంత్రం స్కూలు నుంచి వస్తుంటే, ఇన్‌స్టిట్యూట్ ఎదురుగా సోడా అంగడి దగ్గర నాయన నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం పొట్లం. మూడు నెలల్లో మొదటిసారి చూడడం. నేను రోడ్డుకి ఇవతలే ఆగాను. ఆయనే దాటి వచ్చాడు.

"బాగుండావా?"

"ఉండాను నాయనా."

"జొరం గిరం?"

"వచ్చింది. పోయింది."

నాయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. చేతులు చూశాడు. అంగడిలో సరుకు చూసినట్టు కాదు, పిడుగు పడిన చెట్టుని చూసినట్టు. తర్వాత తువాలుతో మెడ తుడుచుకుని, "మీ అవ్వ సూసి రమ్మనింది" అన్నాడు. పొట్లం నా చేతిలో పెట్టి బస్టాండు వైపు వెళ్లిపోయాడు. అందులో కొత్త బెల్లం అచ్చు. ఆయన నిజంగా అవ్వ పంపితేనే వచ్చాడా, తనకి తానుగా రోజులు లెక్కపెట్టుకుని వచ్చాడా, నేను బతికున్నానని సంతోషపడ్డాడా, స్వామి మాట తప్పాడని ఆశ్చర్యపోయాడా, ఏదీ నాకు తెలియదు. ఆయన చనిపోయేదాకా అడగలేదు. లెక్కపెట్టడం వచ్చినవాడికి, రాతి మెట్టు దగ్గర ఒక్క మాట అనడం వచ్చుండాలి కదా అన్న కోపం ఒక్కటే మిగిలింది. ఆ బెల్లం నేను తినలేదు. పారేయనూ లేదు. చీమలు తిన్నాయి.

అమ్మ ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా బతికింది. నా చేత టైపు పరీక్షలు పాస్ చేయించింది, టీచరు ట్రైనింగు చదివించింది. మున్సిపాలిటీకీ కరెంటాఫీసుకీ నేను ఇన్ని అర్జీలు తప్పుల్లేకుండా రాయడం ఆమె నేర్పిందే. ఆమె మీద నాకు ప్రేమ లేదని ఎవరైనా అంటే ఊరుకోను. కానీ ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పేది. "నేను ముందే తెలివిగా కాణిపాకంలో ప్రమాణం చేయించినా కాబట్టి బిడ్డ నాకు దక్కింది. లేకుంటే ఆ ముసలిది దీన్ని వదిలేదా?" వచ్చినవాళ్లు తల ఊపేవారు. ఆసుపత్రిలో చివరి వారం, పక్క మంచం ఆమెతో కూడా అదే చెప్పింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి వలుస్తున్నాను. చావుకి ఎదురు నిలబడి నేను నిన్ను కోరుకున్నాను, నువ్వు నా చేత చెప్పించక ముందే కోరుకున్నాను అని చెప్పడానికి అది ఆఖరి అవకాశమని తెలుసు. నోటిదాకా వచ్చింది. ఎందుకు చెయ్యి దాచుకున్నావని ఆమె అప్పుడైనా అడుగుతుందేమోనని చూశాను. బత్తాయి తొనలు ఆమె నోటికందించాను.

ఇప్పుడు రోజులు మారాయంటారు. పిల్లలతో మాట్లాడడానికి కోర్టులో చదువుకున్న ఆడవాళ్లని పెడుతున్నారట, గోడలకి బొమ్మలు వేస్తున్నారట. లాస్యకి సొంతంగా ఫోను ఉంది. బస్సుకి బదులు కారు. మా అవ్వలా అడకత్తెర ఊపేవాళ్లు ఎవరూ లేరు. ప్రభాకర్ కూతుర్ని "బంగారం" అంటాడు. అయినా ఆ అరచేతిలో మచ్చ నాదే. అచ్చు అదే చోట.

వాడు ఫోను మాట్లాడుతూ వరండాలోకి పోయినప్పుడు, నేను పిల్లని వంటింట్లోకి పిలిచాను. కలబంద ముక్క కోసి మచ్చ మీద రాశాను. నలభై ఏళ్లుగా నేను తయారుచేసి పెట్టుకున్న ప్రశ్న ఒకటుంది. నీకేం కావాలి అని. అది అడగబోయి, వరండా కిటికీలోంచి వాడి గొంతు ఇంత స్పష్టంగా వినపడుతుంటే, మా మాటలూ అక్కడికి అలాగే వినపడతాయని గ్రహించి ఆగిపోయాను. దానికి బదులు గొంతు తగ్గించి, నా సంగతి చెప్పాను. రెండు కర్పూరాలు, మూడు నెలలు, సోడా అంగడి. "సూడు, ఇదో ఉండాను" అన్నాను. "నీకేం కాదు. నువ్వు ఎవుర్ని కోరుకుంటావో నాకు చెప్పద్దు. లోపల జడ్జితోనే చెప్పు. బయటికి రాంగానే మాత్రం, వాళ్లు దేవుడికి దండం పెట్టకముందే, ఇది నేను చెప్పిన మాట, నా అంతట నేనే చెప్పినానని నువ్వు కోరుకున్న మనిషికి చెప్పు. నేను మా అమ్మకి చెప్పలే."

లాస్య కలబంద జిగురు చూసుకుంది. తర్వాత అడిగింది.

"అత్తా, గబుక్కున కొడితే నిజంగా కాలదా?"

"కాలదు. ఎందుకే?"

"ఆదివారం అమ్మ దగ్గరికి పోవాల. అమ్మ గూడా ముందు కాణిపాకం పోదామనింది."

దేవుడి గూట్లో డబ్బా తీసి, స్టీలు పళ్లెంలో ఒక కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించాను. కుళాయి కింద ఆమె ఎడమ చెయ్యి తడిపాను, మంచి చేత్తో నేర్చుకోవడం మేలు కనుక. "ఆలోచించద్దు. దోమని కొట్టినట్టు." మొదటిసారి చెయ్యి మంట మీద ఆగింది. లాగేశాను. రెండోసారి ఒక్క దెబ్బ. ఆరిపోయింది. పిల్ల చెయ్యి తిప్పి చూసుకుంది. మసి తప్ప ఏమీ లేదు.

వాసన వరండా దాకా పోయినట్టుంది. "పూజ చేస్తా ఉండారా అక్కా?" అని ప్రభాకర్ సంతోషంగా కేకేశాడు.

"అవున్రా" అన్నాను.

లాస్య చెయ్యి మళ్లీ తడుపుకుంది. "ఇంకొకటి వెలిగించత్తా" అంది.